టెన్సుల మాస్టారి తమ్ముడు

ఇంగ్లీషు వాక్యంలో క్రియ ఏ కాలంలో ఉండాలో ఆయన చెబితే అంతే, దానికి తిరుగులేదు. అందుకే అందరూ టెన్సుల మాస్టారనేవాళ్లు. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. ప్రమోషన్ పరీక్ష కోసం ముప్పై నాలుగేళ్ల వయసులో, పిల్లల బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని ఆయన ఇంట్లో పాఠాలు చెప్పించుకున్న గుమాస్తాని, నాకు తెలియదా?

ఉదాహరణలన్నీ తమ్ముడి మీదే. ‘మై బ్రదర్ వర్క్స్ ఇన్ ఎ మిల్.’ ‘మై బ్రదర్ కమ్స్ హోమ్ ఎట్ సిక్స్.’ జరిగిపోయిన కాలపు వాక్యాలకి మాత్రం పిల్లులూ రాజులూ వచ్చేవాళ్లు. ఆరు కొట్టగానే మాస్టారు సుద్దముక్క పట్టుకుని గుమ్మం వైపు చూసేవారు. మేమూ చూసేవాళ్లం. ఎవరూ వచ్చేవారు కాదు. ఆ మనిషి మాయమై పదకొండేళ్లయిందని నాకు నెల తర్వాత తెలిసింది. తెలిశాక రోజూ ఆ వేళకి వెన్నులో చలి పుట్టేది. పిల్లలకి ఆ భయం లేదు. ఆ తమ్ముడు ఇప్పుడే పక్కగదిలోకి వెళ్లినట్టు మాట్లాడుకునేవాళ్లు.

తమ్ముడి భార్య ఆ ఇంట్లోనే ఉండేది. భర్త ఇక లేడని ఇంటిపెద్ద సంతకంతో ఇంగ్లీషులో అర్జీ ఇస్తే ఆమెకి ఉద్యోగం ఇస్తామని మిల్లువాళ్లు కబురు చేశారు. నెలాఖరు దాటితే ఆ ఉద్యోగం ఇంకొకరికి. వీధిలో అందరి అర్జీలూ రాసిపెట్టే మాస్టారు ఈ ఒక్కదానికి మీనమేషాలు లెక్కపెట్టారు. రోజూ మొదలుపెట్టడం, చించెయ్యడం.

గడువు రేపనగా, నేను నోట్సు దిద్దించుకుంటుంటే ఆమె వచ్చి ఆయన ముందు ఒక కాగితం పెట్టింది. అర్జీ తనే రాసుకుంది. ఇన్నేళ్లూ వంట చేసుకుంటూ పాఠాలన్నీ విన్నదట. మాస్టారు ఎర్ర పెన్ను తీశారు. మూడుసార్లు చదివారు. తప్పు కోసం ఆయన అంతగా వెతకడం నేనెప్పుడూ చూడలేదు. దొరికితే ఇంకో రోజు గడిచేది. దొరకలేదు. నాకు ఆయన మీద కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి.

“అమ్మా, వాణ్ణి ఇంట్లోంచి పొమ్మన్నది నేనే,” అన్నారు చివరికి. “మాటా మాటా పెరిగి, మళ్లీ నీ మొహం చూపించకన్నాను. నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు.”

ఆమె ఎర్ర పెన్ను తీసేసుకుని నీలం పెన్ను ఆయన చేతిలో పెట్టింది.

“తెలుసు బావగారూ. ఆ రోజు కూడా నేను వంటింట్లోనే ఉన్నాను. సంతకం పెట్టండి.”

మాస్టారు సంతకం చేశారు.