గాలి లాగిన బండి

మా పెద్దబాపు పోయిన ఆదివారం తెల్లవారుజామున కన్నుమూశారు. నాన్నకు అన్న. గోదావరిఖనిలో బొగ్గు గని ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. మీలో చాలామందికి ఆయన తెలియదు. కానీ పోయిన వేసవిలో గోదావరి ఇసుకలో గాలిపటం కట్టిన మూడు చక్రాల బండిని ఎవరైనా చూసి ఉంటే, అందులో కూర్చున్నది ఆయనే.

కొన్నేళ్లుగా ఆయనకు ఊపిరి సరిగా అందేది కాదు. చర్చి మెట్ల మధ్యలో ఆగి, ఎవరితోనో మాట్లాడటానికి ఆగినట్టు నిలబడేవారు. డ్యూటీ రోజుల్లో షిఫ్టు దిగి గోదావరికి నడిచి వెళ్లి స్నానం చేసేవారట. ఎండాకాలం నీళ్లు ఇసుకకు ఆ చివరకు జరిగిపోతాయి. అంత దూరం ఇసుకలో ఇక నడవలేరు. ఒక్కసారి ఆ నీళ్ల దాకా పోవాలని మాత్రం ఉండేది.

ఒకరోజు ఫోన్లో ఒక వీడియో చూపించాను. సముద్రపు ఒడ్డున ఎవరో చిన్న బండిలో కూర్చుని, పెద్ద గాలిపటం లాగుతుంటే పోతున్నారు. చాలాసేపు చూశారు.

"నా ఊపిరి సాలుతలేదు బిడ్డా. గాలిది వాడుకుంట" అన్నారు.

ఇనుప పైపులు, తోపుడుబండి చక్రాలు, పాత కుర్చీ గుడ్డ తెచ్చుకున్నారు. పెద్దమ్మ గొడుగు గుడ్డలు కలిపి గాలిపటం కుట్టింది. ముసలోనికి పసితనం వచ్చిందని, కుడుతున్నంతసేపూ పక్కింటికి వినబడేలా అంటూనే ఉంది. కాలనీ గ్రౌండులో కుర్చీ వేసుకుని, ఆయన గాలిపటాన్ని అదుపు చేయడం నేర్చుకున్నారు.

గనిలోకి పెద్ద యంత్రాన్ని విప్పి దించి, కింద మళ్లీ బిగిస్తారు. బండినీ అలాగే చేశారు, షేర్ ఆటోలో పట్టాలి కదా. బోల్టులు లేవు, పానతో బిగించే పనే లేదు. పైపులో పైపు దూరుతుంది, అడ్డంగా ఒక పిన్ను. "పాన అడిగే బండి మనకద్దు" అనేవారు. పుస్తకం తప్ప ఏదీ విప్పి ఎరగని నాతో, గని చీకట్లో చేసినట్టు కళ్లు మూయించి బిగింపజేసేవారు.

ఆటోలో ఆ ముక్కలు చూసి డ్రైవరు, "ఏంది కాకా, మంచమా?" అన్నాడు.

"అవ్, ఉరికే మంచం."

దిగాక చూస్తే ముందు చక్రం లేదు. ఆటో అప్పటికే మలుపు తిరుగుతోంది. తరగతిలో హాజరు కూడా వినబడకుండా పలికే నేను, నడిరోడ్డు మీద "అన్నా, చక్రం" అని అరుస్తూ పరిగెత్తాను. ఆటో ఆగింది.

"మంచానికి చక్రమేంది చెల్లె?" అని నవ్వుతూ అందించాడు.

ఇసుక మీద అన్నీ కలిపాం. వానాకాలానికి ముందు వీచే గాలి. గాలిపటం లేచి బండిని మెల్లగా లాగింది. ఆయన కాళ్లతో ముందు చక్రాన్ని తిప్పుకుంటూ సాగారు. మొదట నేను పక్కన నడిచాను, తర్వాత పరిగెత్తాను, తర్వాత ఆగిపోయాను. ఇసుకా ఆకాశమూ ఒకే తెలుపు. ఆ తెలుపులో ఆయన చిన్నగా, ఇంకా చిన్నగా అయ్యారు.

నేను చేరేసరికి బండిలోనే కూర్చుని, పాదాలు నీళ్లలో పెట్టుకుని ఉన్నారు. ఆయాసం లేదు. పక్కన తడి ఇసుక మీద గాలిపటం వాలి ఉంది. దాని మడతల్లో ఇంకా కాస్త గాలి మిగిలి, గుడ్డ మెల్లగా లేస్తోంది, దిగుతోంది, మళ్లీ లేస్తోంది.