ఏ నీళ్ళైనా సరే

శబరి నది పొంగి మా ఊరు కోంటలోకి వచ్చిన ఏడు, నీళ్ళు తీసినా బురద తియ్యదు. ఆ వానాకాలం మా ఇంట్లో స్నానాల గది తూము మూసుకుపోయింది. పోసిన నీళ్ళు మడమల దాకా నిలిచేవి. దానికి మందు మా దుకాణంలోనే ఉంది. బాబాయి కాస్టిక్ సోడా బస్తాల్లో తెప్పించి, తూచి, పేరులేని ప్లాస్టిక్ కవర్లలో కట్టి అమ్మేవాడు. మా బజారులో అందరూ దాన్ని నాలీ పౌడర్, అంటే తూము పొడి, అంటారు. ఆ కవరునూ ఉప్పు కవరునూ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం.

ఆ పొడి జిడ్డును సబ్బుగా మారుస్తుంది, వెంట్రుకలను కరిగిస్తుంది. బురదను మాత్రం ఏమీ చెయ్యలేదు. బురదకు ఇనుప చువ్వే మందు. ఆ మాటే ఇంట్లో అన్నాను.

"నీ పుస్తకాల ముచ్చట్లు తర్వాత. శుక్రవారం వ్రతం ఉంది. కోడలు మడి స్నానం చెయ్యాలె, నీళ్ళు పోవాలె" అంది నాయనమ్మ.

శుక్రవారం పొద్దున చిన్నమ్మ మడి స్నానం ముగించి, నిలిచిన నీళ్ళు పోవడానికి కవరు మొత్తం తూములో గుమ్మరించింది. నీళ్ళు కదల్లేదు. మా స్నానాలకు కాగుతున్న నీళ్ళు గిన్నెతో ముంచి పైన పోసింది. కాస్టిక్ చన్నీళ్ళు తగిలినా మరుగుతుంది. నీళ్ళలో పొడిని కొంచెం కొంచెంగా వెయ్యాలి గాని, పొడి కుప్ప మీద నీళ్ళు గుమ్మరించకూడదు. వేడినీళ్ళు అసలే పొయ్యకూడదు. తూము ఒక్కసారిగా పైకి చిమ్మింది, వంగి చూస్తున్న మనిషి ముఖం మీదికి.

కేక విని దుకాణంలోంచి నేనూ బాబాయీ పరిగెత్తాం. చిన్నమ్మ మడి చీరతో పెరట్లోకి వచ్చి, ఎడమ కన్ను అరచేత్తో అదిమి కూర్చుంది. "మంట, మంట" తప్ప ఇంకో మాట లేదు.

కరెంటు లేదు, మోటారు నడవదు, ట్యాంకు ఖాళీ. కాగులోవి మరుగుతున్నాయి. ఇక నీళ్ళున్నది రెండు చోట్ల. దేవుడి గదిలో రాగి బిందెడు మడి నీళ్ళు. పెరటి గడప బయట రెండు కడవల బోరింగు నీళ్ళు. వాటిని అప్పుడే దించింది, రోజూ మాకు నీళ్ళు మోసే ఆదివాసీ, దోర్ల తెగ ఆమె. ఆమె తెచ్చిన నీళ్ళు గిన్నెలు తోమడానికీ గచ్చు కడగడానికీ పనికొస్తాయి. వంటకూ పూజకూ పనికిరావు.

ఆమె కడవ ఎత్తింది. "అమ్మా, మొగం ఇటు పెట్టు, పోస్త."

నాయనమ్మ అడ్డం నిలబడింది. "ఆగు! మడి బట్టల ఉన్నది, కనపడతలేదా? నేను లోపలి నీళ్ళు తెస్త."

"నాయనమ్మా, పక్కకు జరుగు" అన్నాను.

"నువ్వూ ముట్టకురా. ఇంకా తానం చెయ్యలే."

తెచ్చింది, ఒక్క చెంబు. అందులోనూ సగం దేవుడికి మిగుల్చుకుని, తీర్థం ఇచ్చినంత పొదుపుగా కంటి మీద చిలకరించింది.

అప్పుడు బాబాయి చదువు బయటికొచ్చింది. ఆయన డిగ్రీలో కెమిస్ట్రీ చదివాడు. "క్షారానికి ఆమ్లమే విరుగుడు" అంటూ వంటింట్లోంచి నిమ్మచెక్క తెచ్చి, నేను చెయ్యి పట్టుకునేలోపు పెళ్ళాం కంట్లో పిండేశాడు. చిన్నమ్మ రెండో కేక మొదటిదానికంటే పెద్దది. క్షారమూ ఆమ్లమూ కలిస్తే ఉప్పూ నీరూ వస్తాయి, నిజమే. వేడి కూడా వస్తుంది. గాజు కుప్పె ఆ వేడిని ఓర్చుకుంటుంది, కన్ను ఓర్చుకోదు. శాస్త్రాన్ని మంత్రంలా వల్లించేవాడు మంత్రాన్ని నమ్మేవాడికంటే ఎందులో మేలో ఇప్పటికీ నాకు తెలియదు.

నాయనమ్మను తోసుకుని వెళ్ళి కడవ అందుకున్నాను. దోర్ల ఆమె చిన్నమ్మ రెప్పలు విడదీసి పట్టుకుంది. రెండు కడవలూ పోశాను. ఆమె మళ్ళీ బోరింగుకు పరిగెత్తింది.

భద్రాచలం ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగింది ఒకటే. "పడగానే కడిగారా?"

"కడిగినం సారూ, శుద్ధమైన నీళ్ళతోటి" అంది నాయనమ్మ.

"ఎన్ని నీళ్ళు?"

"చెంబుడు."

ఆయన సెలైన్ సీసా అందుకుని కన్ను కడుగుతూనే చెప్పాడు. ఆమ్లం పడితే పైపొర గడ్డకట్టి అదే కొంత అడ్డుకుంటుందట. క్షారం ఆగదు. కొవ్వును సబ్బు చేసుకుంటూ లోపలికి పోతూనే ఉంటుంది. తూములో జిడ్డుకు ఏం చేస్తుందో కంటికీ అదే చేస్తుంది. అందుకే పడ్డ క్షణం నుంచి కనీసం అరగంట ఆపకుండా నీళ్ళు పొయ్యాలి, ఆస్పత్రి ఆ తర్వాతే అన్నాడు. చిన్నమ్మ ఎడమ కన్ను ఉడికిన చేప కన్నులా తెల్లబడింది. ఇక చూపు రాదు.

కోంటకు తిరిగొచ్చేసరికి బజారు తీర్పు సిద్ధంగా ఉంది. తప్పు పొడిది కాదు, నిమ్మకాయది కాదు, చెంబుది కాదు. మడి మనిషిని దోర్ల ఆమె ముట్టుకుంది, అమ్మవారు కన్ను తీసుకుంది. నాయనమ్మ ఆమెను పని మాన్పించింది.

బోరింగు దగ్గర ఎదురుపడితే ఆమె నన్నడిగింది. "మా నీళ్ళల్ల ఏమున్నది బాబూ? మీ బజారోళ్ళు తాగేది గూడ గీ బోరింగు నీళ్ళే గదా?"

జవాబు నాకు తెలుసు. ఆ జవాబు వినాల్సింది ఆమె కాదు.

ఒక అట్ట మీద రాసి దుకాణంలో పొడి బస్తాకు తగిలించబోయాను. "ఇది ఒంటిని తింటుంది. పిల్లలకు అందనివ్వకండి. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. యాసిడ్‌తో, బ్లీచింగ్‌తో కలపకండి. వేడినీళ్ళు పోయకండి. కంట్లో పడితే ఏ నీళ్ళైనా సరే ధారగా పోయండి. నిమ్మకాయ పిండకండి."

బాబాయి చివరి మాట దాకా చదివి, తక్కెడ తుడుచుకుంటూ ఉండిపోయాడు. నాయనమ్మ ఊరుకోలేదు.

"ఏ నీళ్ళైనా ఏందిరా? శుద్ధమైన నీళ్ళు అని రాయి. చూసినోళ్ళు మన ఇంటిని ఏమనుకోవాలె?"

"శుద్ధమైనవి చెంబుడే దొరికినయి గదా నాయనమ్మా."

"నీ వాదనతోటి దాని కన్ను తిరిగొస్తదా?"

రాదు.

గల్లా దగ్గర కూర్చున్న చిన్నమ్మ చెయ్యి చాపి అట్ట తీసుకుంది. కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని నిదానంగా చదివింది. మడి తప్పినందుకే కన్ను పోయిందని ఆస్పత్రి మంచం మీద ఆమే నాతో అంది. 'ఏ నీళ్ళైనా' అన్న రెండు మాటలూ కొట్టేస్తుందనుకున్నాను.

"'వెంటనే' అని రాయలేదేందిరా?" అంది.

పెన్ను తీసుకుని, 'ధారగా'కు ముందు తనే ఇరికించి రాసింది.

అట్ట బస్తా మీదే ఉంది. నీళ్ళు ఇప్పుడు మేమే మోసుకుంటున్నాం. దోర్ల ఆమె వేరే ఇళ్ళకు కడవలెత్తుకుని మా దుకాణం ముందునుంచే పోతుంది. ఇటు చూడదు. చూసినా, ఆమెకు చదువు రాదు.