సిలికాన్ గీకిన కార్డు

మొన్న అమీర్‌పేటలో మా సింకు చుట్టూ ప్లంబర్ సిలికాన్ పూస్తుంటే వెనిగర్ లాంటి ఘాటు వాసన వచ్చింది. ఆ వాసనకు నాకు ఇప్పటికీ గాబరాగానే ఉంటుంది.

నా నాలుగో తరగతిలో, పంజాగుట్ట అద్దె ఇంట్లో, స్కూల్ ఎగ్జిబిషన్ కోసం నాన్న చెక్క పడవ చేశాడు. నీళ్ళు రాకుండా అడుగున అతుకులన్నిటికీ సిలికాన్ దట్టంగా పూశాడు. తీరా రంగు వేస్తే దాని మీద నిలవలేదు. తెల్లారితే పడవ బడిలో ఉండాలి. గోరుతో లాగితే సిలికాన్ రబ్బరులా సాగింది. బ్లేడు పెడితే చెక్క లేచింది. నాన్న అల్మారాలోంచి ఆఫీసు కార్డు తెచ్చి, దాని అంచుతో గీకడం మొదలుపెట్టాడు.

నాకు భయమేసింది. ఆ కార్డు కనపడని రోజు ఇల్లంతా వెతికించేవాడు నాన్న. ఇప్పుడది వంగిపోతోంది, అందులో ఆయన ఫొటో మీద గీతలు పడుతున్నాయి.

"నాన్నా, కార్డు ఖరాబైతుంది! రేపు గేటు కాడ ఆపేస్తే?"

"ఏం గాదు బిడ్డా, ఫికర్ చెయ్యకు. పడవ జర గట్టిగ పట్టుకో."

గుమ్మంలో నిలబడ్డ అమ్మ కూడా వద్దనలేదు. దాంతో నా భయం ఇంకా పెరిగింది.

గరుకు కాగితంతో రుద్దాక నీలం రంగు చక్కగా పట్టింది. మర్నాడు నాన్న సాయంత్రం దాకా బడిలో నా పక్కనే ఉన్నాడు.

ఆ ఆఫీసు అప్పటికే మూతపడిందని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ రోజు మాత్రం, మా నాన్న నా కోసం సెలవు పెట్టాడని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పాను. నాన్న ప్రతిసారీ అవునన్నట్టు తలూపాడు.