మస్తాన్ నెత్తురు వేసిన కేక

1981లో నేను నంద్యాలలో ఒక మిషన్ ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసేదాన్ని. కుష్ఠు రోగుల రక్తం మీద మా డాక్టరుగారు పరిశోధన మొదలుపెట్టారు. ఆ రోజులు తలుచుకుంటే గినీ పందుల బోను వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది. చిత్రమేమిటంటే, ఆ వాసన మీద కూడా బెంగే.

క్రిములను మింగే కణాలను మాక్రోఫేజ్‌లంటారు. గినీ పంది పొట్టలోంచి వాటిని తీసి, సన్నని గాజు గొట్టంలో నింపి, పోషక ద్రవంలో పెడితే, మర్నాటికి గొట్టం మూతి దగ్గర విసనకర్రలా పరుచుకునేవి. రోగి రక్తంలోని లింఫోసైట్లనే తెల్లకణాలకు కుష్ఠు క్రిమి సారం కలిపితే, క్రిమిని గుర్తుపట్టినవి ఒక స్రావం వదులుతాయి. అది తగిలిన మాక్రోఫేజ్‌లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఆగాయంటే ఆ మనిషి ఒళ్ళు క్రిమితో పోరాడుతున్నట్టే.

ఆళ్ళగడ్డలో బట్టలు కుట్టే మస్తాన్‌కు వీపు మీద మచ్చ ఉండేది, ఎడమ చిటికెన వేలికి స్పర్శ లేదు. చర్మం పరీక్షలో క్రిములు కనబడలేదు, ఎవరికీ అంటుకోదని డాక్టరుగారు ఎంత చెప్పినా వినడు. జబ్బు బయటపడినప్పటి నుంచి చంటిబిడ్డను ముట్టుకోలేదు. భార్య హుసేన్‌బీ బతిమాలి బతిమాలి విసిగిపోయింది.

అతని రక్తానికి చేసిన పరీక్ష ఫలితం చూడగానే సంతోషం పట్టలేక నేనే వరండాలోకి పరిగెత్తాను.

"మస్తానూ, ఏవీ కదల్లేదప్పా! ఆగిపోయినాయి!"

అతని మొహం పాలిపోయింది. "నా యేలు మాదిరే అవీ మొద్దుబారినాయా అక్కా? ఇంగ నా పని అయిపోయినట్టేనా?"

అతన్ని లోపలికి తీసుకుపోయి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. ముందు స్రావం కలపని గొట్టం చూపించాను, తర్వాత అతనిది.

"మొద్దుబారడం కాదప్పా. శత్రువు ఈడుండాడు, యాడికీ పోవద్దండని నీ నెత్తురే వాటికి కేకేసింది. అవి కాపలా నిలబడినాయి."

అతను చాలాసేపు కన్ను తీయలేదు. "నేను బయపడి మూల కూసుంటి. అదేమో కొట్లాడతాండాదా!" అన్నాడు.

బయటికొచ్చి, చేతులు లుంగీకి తుడుచుకుని, "ఇయ్యి" అన్నాడు, బిడ్డనెత్తుకుని వరండాలో నిలబడ్డ హుసేన్‌బీతో. అలవాటు తప్పిన బిడ్డ గుక్కపెట్టి ఏడ్చింది.

"ఏడిస్తే ఏడవనీ. నువ్వియ్యి." లాక్కున్నంత పని చేసి గుండెకు హత్తుకున్నాడు. తానూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు!

తర్వాత చాలా ఏళ్ళు ల్యాబ్‌లోనే గడిపాను. ఫలితం ఎలా చెప్పాలో మాత్రం ఆ వరండాలోనే నేర్చుకున్నాను. ముందు "బిడ్డను ఎత్తుకోప్పా" అనాలి. గొట్టాల సంగతి ఆ తర్వాత.