వీపులోని కుంపటి

చీరాల కాలేజీలో మాకు జువాలజీ చెప్పిన మాస్టారికి ఒక అలవాటుండేది. ఆలోచనలో పడితే చాలు, సుద్దముక్క పట్టుకున్న చేతిని భుజం మీదుగా వెనక్కి పోనిచ్చి వీపు తడుముకునేవారు. బెల్లు కొట్టేసరికి చొక్కా వెనక తెల్లగా అయ్యేది. మేం నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వుల్లో నాదే పెద్దది.

ఎనభైల్లో ఒక డిసెంబరు. బయట ముసురు. ఆ రోజు పాఠం గోధుమరంగు కొవ్వు గురించి.

"చలేస్తే మనం వణుకుతాం. పసిపిల్లలు వణకలేరు. వాళ్ల భుజాల మధ్య ఈ కొవ్వు ఉంటుంది. అది కరిగి ఒంటికి వేడి పుట్టిస్తుంది. బాలింత మంచం కింద కుంపటి పెడతారు చూడండి, బిడ్డకి ఆ కుంపటి వీపులోనే ఉంటుంది. అయితే చిన్న కుంపటి, త్వరగా ఆరిపోతుంది."

ముందు బెంచీలో అమ్మాయి లేచింది. "వణక్కపోతే చలేస్తోందని ఎలా తెలుస్తుంది సార్?"

ఆయన చెయ్యి వీపు మీదకి వెళ్లి, అక్కడే ఉండిపోయింది.

"ముట్టుకుని చూడాలమ్మా. మా పాపకి ఇలాంటి ముసురులోనే, పుట్టిన మూడో రోజు నీళ్లు పోశారు. వణకలేదు, ఏడవనైనా ఏడవలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని మా అత్తగారు మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను. మధ్యాహ్నానికి పాలు తాగడం మానేసింది. సాయంత్రానికి పోయింది."

ఆయన బోర్డు వైపు తిరిగారు.

"అప్పటికే ఈ పాఠం ఆరేళ్లుగా చెబుతున్నానమ్మా."