సరస్సు అవతలి గట్టుకు చెల్లని సంతకం

అమెరికాలో, వెర్మాంట్‌లో మేపుల్ చెట్ల రసంతో పానకం కాచే వెర్నా లబౌంటీది ఏదీ పారెయ్యని చెయ్యి. డెబ్బై రెండేళ్లుగా అంతే. ఆ చెయ్యే ఆవిడ కొంప ముంచింది.

మార్చి చివర్లో చెట్లు మొగ్గ తొడిగాక కారే రసం కంపు కొడుతుంది. బుద్ధున్న వాళ్లు ఒలకబోస్తారు. ఈవిడ పంచదార దట్టించి కాచి, "మొదటి రకం" అని చీటీ అంటించి, పడవ మీద సరిహద్దు సరస్సు దాటించి అవతల న్యూయార్క్ గట్టు సంతలో కూడా అమ్మేసింది.

ఇంకేముంది, ఫెడరల్ కేసు పడింది. కేంద్ర ప్రభుత్వం తరఫున వెర్మాంట్ జిల్లాలో కేసులు నడిపే ప్రాసిక్యూటర్ క్విన్లన్ దగ్గర తప్పొప్పుకుంది. బదులుగా జైలు లేదు, ఈ పానకం మీద మళ్లీ కేసు లేదు అని కాగితం రాసుకున్నారు. ఊపిరి పీల్చుకుంది, పాపం. మరుసటి ఫిబ్రవరిలో అవతలి గట్టు ప్రాసిక్యూటర్ల నుంచి అదే పానకం మీద ఇంకో కేసు వచ్చింది. ఈసారి జైలేనట.

లాయర్ పెల్కీని వంటింట్లో కూర్చోబెట్టింది.

"ఏమయ్యా, ఆ ఒప్పందంలో ఎవరి పేరుంది?"

"యునైటెడ్ స్టేట్స్ అని."

"ఈ కేసు వేసిందెవరు?"

"యునైటెడ్ స్టేట్సే."

"పడవెక్కితే ప్రభుత్వం మారిపోతుందా? మా ఆయన వంటింట్లో ఇచ్చిన మాట వసారాలో చెల్లదన్నట్టుంది!"

"ఇక్కడి కోర్టుల పద్ధతి అంతేనమ్మా. ఒక జిల్లా వాళ్ల మాట వాళ్లనే కట్టేస్తుంది. పక్క జిల్లాని కూడా కట్టేస్తున్నట్టు ఎక్కడో స్పష్టంగా కనబడాలి. సంతకానికి ముందు మీరు అడగలేదా?"

"అడగకేం! రోజుకు మూడుసార్లు ఫోన్ చేశాను. విసుగెత్తి ఆ క్విన్లన్ కుర్రాడు ఉత్తరం కూడా రాశాడు."

పెల్కీ లేచి నిలబడ్డాడు. "ఉత్తరమా? నాకు చెప్పలేదే! ఎక్కడుంది తల్లీ?"

"నువ్వు అడిగావా? కాగితమేగా, పారేస్తానా."

మంచు మీద వేడి పానకం పోసుకు తినేటప్పుడు నంజుకునే దోసకాయ ఊరగాయ జాడీ తెచ్చింది. మూత కింద నాలుగు మడతలు పెట్టి ఉంది ఉత్తరం. పెల్కీ ముక్కు మూసుకుని చదివాడు: "అవతలి జిల్లా వాళ్లతో మాట్లాడాను, వాళ్లూ సరేనన్నారు. ఈ ఒప్పందం రెండు గట్లకీ వర్తిస్తుంది. దయచేసి ఇక ఫోన్ చెయ్యకండి."

కోర్టులో జడ్జిగారు ఆ కాగితాన్ని చేతికర్ర పొడుగు దూరంలో పట్టుకున్నారు.

"దీనికి ఈ వాసనేమిటి?"

"వెనిగరండీ. కాగితం పాడవకుండా ఉంటుంది," అంది వెర్నా.

పెద్దాయన నవ్వాపుకోలేక దగ్గారు. అవతలి వాళ్లూ సరేనన్నారని తేటగా ఉంది కాబట్టి రెండో కేసు కొట్టేశామన్నారు. మార్చి మొదటి వారానికల్లా వెర్నా తన పొయ్యి దగ్గరే ఉంది.

నెలాఖరుకి చెట్లు మొగ్గ తొడిగాయి. కంపు రసం బకెట్టు పట్టుకుని చాలాసేపు నిలబడింది. పెల్కీ కారు దిగి చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"నీకేం పనిలేదా?" అంది.

"లేదమ్మా."

తిట్టుకుంటూ ఒలకబోసింది. బకెట్టు మాత్రం రెండుసార్లు దులిపి చూసుకుంది.