తుడిచిన పలక

మార్కాపురంలో పిల్లలకూ వాళ్ల ఇంటివాళ్లకూ కౌన్సెలింగ్ చేసే సల్మా, వచ్చినవాళ్లకు తలా ఒక పలక ఇస్తుంది. నోటితో చెప్పమంటే నాయన ఒక్కడే మాట్లాడతాడు. పలక మీదైతే అందరూ రాసి ఒక్కసారే తిప్పాలి. ఆ రోజు, తండ్రి రోజూ వెంట వస్తున్నాడని బడి మానేసిన బ్లెస్సీ "ఒక్కదాన్నే పోతా" అని రాసింది. తండ్రి మోషే "భయం" అని రాశాడు. ఇద్దరూ ఒకరి పలక ఒకరు చదువుకున్నారు.

"బస్సు దాకనే వస్తాలే," అన్నాడు మోషే.

బ్లెస్సీ ఇంకో పలక సల్మా ముందుకు జరిపింది. "మీరు గూడా రాయండి మేడమ్."

సల్మా నవ్వుతూనే రాసింది. అంతలో బయట స్కూటర్ హారన్ మోగింది. పదేళ్లుగా ఆమెను దించేదీ, తీసుకుపోయేదీ భర్త నయీమే. పలక తిప్పకుండానే కొంగుతో తుడిచేసింది.

"ఏం రాసినారు మేడమ్?"

"ఏం లేదులేమ్మా."

స్కూటరెక్కే ముందు కొంగుకంటిన బలపం పొడిని కూడా దులిపేసుకుంది.